కట్ట మీద ప్లేడే

ఆ రోజుల్లో మా కాలనీలో ఆదివారాలు రెండు రకాలుగా ఉండేవి. ఆఫీసు బాబులకూ బడి పిల్లలకూ వచ్చే ఆదివారం ఒకటి, బాయి పనివాళ్లకు వచ్చేది ఇంకొకటి. (బాయి అంటే నీళ్ల బావి కాదు, బొగ్గుబాయి. మా వైపు గనిని అలాగే అంటారు. ఊరి నుంచి కొత్తగా వచ్చిన చుట్టం "మీ బాపు ఏడిరా?" అని అడిగితే, "బాయిల దిగిండు" అని మేం తాపీగా చెప్పడం, ఆయన గుండె పట్టుకుని లేవడం మా ఇంట్లో రెండుసార్లు జరిగింది.) మొదటి రకం ఆదివారాన్ని సెలవు అనేవాళ్లు. రెండో రకాన్ని ప్లేడే అనేవాళ్లు. సెలవు రోజున బాయిలో దిగితే డబుల్ జీతం పడేది. ఒళ్లు హూనం చేసుకునే ఆ రోజుకు, ఆట అని అర్థం వచ్చే పేరు పెట్టిన మహానుభావుడెవరో నాకు తెలియదు. ఆయనకు హాస్యం ఎక్కువైనా ఉండాలి, ఇంగ్లీషు తక్కువైనా ఉండాలి. మొత్తానికి పెట్టాడు, నేను దాన్ని పట్టుకుని మునిగాను.

మా కాలనీకి రెండు మైళ్ల దూరంలో కరెంటు ప్లాంటు కోసం తవ్వించిన పెద్ద చెరువు ఉండేది. కాగితాల్లో దాని పేరు రిజర్వాయరు. మేం మాత్రం కట్ట అనేవాళ్లం. "ఏడికి పోయినవ్?" అంటే "కట్ట మీదికి" అంటే చాలు, అందులో గాలి, ఈత, వేయించిన చేపలు, ఒక్కోసారి ప్రేమ కూడా వచ్చేసేవి. ఒడ్డున నిలబడితే అవతలి గట్టు సన్నటి గీతలా కనపడేది. ఆ గీత మీద ప్లాంటు పొగ గొట్టాలు నిలబడి ఉండేవి. చలికాలం పొద్దున ప్లాంటు నుంచి గోరువెచ్చని నీళ్లు ఒక మూల చెరువులోకి వచ్చేవి. అక్కడ స్నానం చేయడానికి మా దోస్తులం సైకిళ్లేసుకుని పోయేవాళ్లం. ఆదివారం సాయంత్రం కట్ట మీద బండ్ల వాళ్లు, బుడగల వాళ్లు, కొత్త జంటలను "నవ్వుండ్రి, ఇంకొంచెం దగ్గర" అని సతాయించే ఫొటో ఆయన, అందరూ చేరేవాళ్లు. ఇవన్నీ ఒకెత్తు, పడవ కాక అని మేం పిలిచే పడవాయన ఒకెత్తు. ఆయన దగ్గర ఆరుగురు పట్టే చెక్క పడవ ఉండేది. చెరువు నడుమ తేలే తెల్లడబ్బా దాకా తీసుకుపోయి, దాని చుట్టూ ఒక చుట్టు తిప్పి తెచ్చేవాడు. ఆ తెల్లడబ్బా దాకా పోయి రావడం మా ప్రాంతంలో విదేశయానంతో సమానం.

మా అవ్వకు (అమ్మను మేం అవ్వ అనేవాళ్లం) జీవితంలో ఒకే ఒక కోరిక ఉండేది, ఆ పడవ ఎక్కడం. అవ్వ పుట్టిల్లు గోదావరి ఒడ్డున. పెళ్లికి ముందు ఏటి ఈ ఒడ్డు నుంచి నడుమ ఉన్న ఇసుక తిన్నె దాకా ఈదిన మనిషి. అలాంటి మనిషి పెళ్లయ్యాక కాలనీ నల్లా దగ్గర బిందె పట్టుకుని వరుసలో నిలబడాల్సి వచ్చింది. కట్ట కట్టిన నాటి నుంచీ ప్రతి పండుగకూ ఒకే మాట అడిగేది. "ఒక్కసారి తోలుకపోరాదు పిల్లల బాపూ, పడవల కూసొని చెయ్యి నీళ్లల్ల పెట్టుకుంట." బాపు జవాబు కూడా ఒకటే. "ఈ ఆదివారం ప్లేడే ఉన్నదే." నేను తీసుకుపోతానన్నా వినేది కాదు. "ఎక్కితె మీ బాపుతోనే ఎక్కుత. ఆయినె లేకుంట నాకెందుకు పడవ?" అనేది. అలా పదేళ్లు గడిచాయి.

అసలు సంగతి ప్లేడే కాదని అవ్వకూ తెలుసు, నాకూ తెలుసు. బాపుకు నీళ్లంటే భయం. బాయిలో పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టడం ఆయన పని. కప్పు మీద రాయి ఏ క్షణాన జారుతుందో తెలియని చోట పాటలు పాడుకుంటూ తిరిగే మనిషి, మోకాటి లోతు కాలువ దాటాలంటే చెప్పులు చేత పట్టుకుని దేవుణ్ని తలచుకునేవాడు. వయసులో ఉన్నప్పుడు ఒకసారి బాయిలో పాత గోడ వెనక నిలిచిన నీళ్లు ఒక్కసారిగా వచ్చి నడుముదాకా ముంచాయట. జోడీగా పనిచేసేవాని చెయ్యి పట్టుకుని ఎలాగో పైకి వచ్చాడు. దాని గురించి మా ముందు ఒక్క మాటే అన్నాడు. "కప్పు కూలుతాంటె పక్కకు దుంకొచ్చు. నీళ్లు ఎంబడి పడితె ఏడికి దుంకుతం?" ఆ తర్వాత ఆయన్ను కట్ట మీదికి రమ్మనడానికి నాకు నోరు రాలేదు. అవ్వకు మాత్రం వచ్చేది, ఎందుకంటే ఆమె నమ్మకం వేరు. "నేను పక్కన ఉంట గదా, ఎట్ల మునుగుతవ్?" అనేది.

బాపుకు ఇంకో అలవాటుంది, చెప్పకపోతే మీకు తర్వాతిది అర్థం కాదు. బాయిలో దిగగానే చేతికర్రతో కప్పును కొట్టి చూడాలి. గట్టి రాయైతే ఖంగుమంటుంది. పైన పట్టు విడిచిన రాయైతే డబ్బుమని గుల్లగా మోగుతుంది. గుల్లగా మోగిన చోట ఒక్క క్షణం నిలబడకూడదు. ఈ విద్య బాపుకు ఎంత ఒంటబట్టిందంటే, ఇంట్లో కూడా కొట్టి చూడనిదే దేన్నీ నమ్మేవాడు కాదు. సంతలో కుండను, పుచ్చకాయను, పెళ్లిచూపులకు పోయిన ఇంటి గోడను కూడా కొట్టి చూసేవాడు. నేను డిగ్రీలో ఒక పేపరు తప్పినప్పుడు నా నెత్తి మీద కూడా వేలితో కొట్టి చూసి, ఏమీ అనకుండా లోపలికి పోయాడు. ఆయన ఏమైనా అనుంటేనే బాగుండేది.

ఆ పేపరు రెండోసారికి గట్టెక్కాక, కంపెనీ వెల్ఫేర్ ఆఫీసులో నాకు ఆర్నెల్ల టెంపరరీ గుమాస్తా పని దొరికింది. అప్పుడే కోస్తా వైపు నుంచి కొత్త వెల్ఫేర్ సారు వచ్చాడు. చాలా మంచివాడు. కార్మికులు కుటుంబాలతో ఒకరోజు హాయిగా గడపాలని ఆయన పట్టుదల. ఒకనాడు నన్ను పిలిచి, "చూడండి, ఆదివారం రిజర్వాయరు దగ్గర మనవాళ్లందరికీ ఒక ప్లే... డే పెడదాం. ఆటలు, టిఫిను, పడవ షికారు. మీరు తెలుగులో నోటీసు రాయండి" అన్నాడు. పడవ షికారు అన్న మాట వినగానే నా కళ్ల ముందు అవ్వ మెదిలింది. ఇక నా చెయ్యి ఆగలేదు. ప్లే డే అన్నదానికి 'ఆటల దినం' అని రాద్దామనుకున్నాను. మరీ తద్దినంలా వినపడింది. సరే, సారు మాటనే ఉంచేద్దామని, ఎర్ర సిరాతో అరచేయంత అక్షరాలలో ఇలా రాశాను: 'ఆదివారం ప్లేడే. స్థలం: రిజర్వాయరు కట్ట. ఉదయం ఏడు గంటలకు అందరూ తప్పక హాజరు కావలెను.' పుట్టినప్పటి నుంచీ ఇంట్లో రోజూ విన్న మాటే, ఆఫీసరు నోట్లోంచి కొంచెం విరిచి వచ్చేసరికి నేను గుర్తుపట్టలేదు. చదువుకున్నవాణ్ని కదా. 'కుటుంబ సమేతంగా, ఆటపాటలతో' అన్న ముక్కను చోటు చాలక అడుగున చిన్నగా రాశాను. ప్యూను దాన్ని బాయి దగ్గర నోటీసు బోర్డులో బిగించినప్పుడు ఆ అడుగు వరుస సరిగ్గా చెక్క చట్రం కిందికి పోయింది.

శనివారం సాయంత్రం అవ్వ నల్లా దగ్గరికి పోయినప్పుడు, బాపు పక్కన కూచుని మెల్లగా కదిపాను.

"రేపు ప్లేడే, ఎర్కనే గదా బాపూ?"

"ఎర్కనే. బోర్డు మీద రాసిండ్రట, మావోడు చదివి చెప్పిండు."

"కట్ట కాడ."

"ఎర్కనేరా."

నేను ఆశ్చర్యపోయాను. "మరి నీకు భయం లేదా?"

బాపు బీడీ నుసి దులిపాడు. "ఉన్నది. ఉంటె ఏం జేస్తం, ఎవడన్న పోవాలె గదా" అన్నాడు.

పదేళ్ల తర్వాత బాపు మనసు కరిగిందని, అవ్వ కోసం భయాన్ని మింగుతున్నాడని నాకు కళ్లు చెమర్చాయి. రేపు పొద్దున ఆయనే అవ్వకు చెప్పి తీసుకొస్తాడు, మధ్యలో నేను చెప్పి పాడుచేయడం ఎందుకని నోరు మూసుకున్నాను. నా జీవితంలో నేను నోరు మూసుకున్న సందర్భాలు తక్కువ. వాటిలో ఇది అతి తెలివితక్కువది.

ఆదివారం తెల్లారకముందే కట్ట మీదికి పోయాను. కుర్చీలాటకు ముప్పై కుర్చీలు వేయించాం. నిమ్మకాయలు, చెంచాలు, తాడు, రంగు జెండాలు, పెద్ద గిన్నెల్లో ఇడ్లీ, సాంబారు. సారు తెల్ల బూట్లు, మెడలో విజిలుతో సిద్ధంగా ఉన్నాడు. సరిగ్గా ఏడు కొట్టేసరికి కట్ట మలుపు తిరిగి జనం రావడం మొదలైంది. నల్ల బూట్లు, నెత్తిన టోపీలు, నడుముకు బెల్టులు, చేతుల్లో టిఫిను డబ్బాలు, భుజాన పారలు, గడ్డపారలు. ఒక్క ఆడమనిషి లేదు, ఒక్క పిల్ల లేదు. యాభై మంది వరుసగా వచ్చి రంగు జెండాల కింద నిలబడ్డారు. అందరికంటే ముందు చేతికర్ర పట్టుకుని మా బాపు.

సారు విజిలు నోట్లోనే ఉండిపోయింది. "ఏమండీ, వీళ్లేమిటి ఇలా వచ్చారు?" అన్నాడు నాతో. ఈలోపు బాపు సారు ముందుకొచ్చి దండం పెట్టాడు.

"సార్, నీళ్లు ఏ మొకాన దిగుతున్నయో చెప్పుండ్రి. మేం రెడీ."

"ఏ నీళ్లు?"

"గదే సార్, ఈ చెరువు నీళ్లు బాయిలకు కారుతున్నయట గదా. లేకుంటె కట్ట మీద ప్లేడే ఎందుకు పెడుతరు? కింద మా పోరగాండ్లు పనిల ఉన్నరు. జల్ది మొదలుపెట్టాలె."

అప్పుడు తెలిసింది నాకు, ముందు రోజు సాయంత్రం ఆయన మింగిన భయం ఏ భయమో. కట్ట మీద ప్లేడే అన్న మాటకు బాయి దగ్గర రెండు రోజుల్లో కాళ్లు, చేతులు, ముక్కు మొలిచాయి. నీళ్లు కిందికి దిగుతున్నాయని, ఇసుక బస్తాలు వేయాలని అందరూ ఖాయం చేసేసుకున్నారు. నీళ్లను చూస్తే వణికే మా బాపు, కింద ఉన్న పోరగాళ్ల కోసం అందరికంటే ముందు నడిచి వచ్చాడు. నవ్వాలో ఏడవాలో తెలియక నేను నిమ్మకాయల బుట్ట వెనక నిలబడ్డాను.

సారుకు ప్లేడే అంటే ఏమిటో ఒక పెద్ద కార్మికుడు వివరించాడు. సారు అంతా విని, నా వంక ఒకసారి చూసి, పకపకా నవ్వాడు. "నీళ్లు ఎక్కడికీ దిగలేదు. ఈరోజు డ్యూటీ ఏమిటంటే, ఆడుకోవడం" అన్నాడు. "ఆడుకునుడు డ్యూటీ అయితె మస్టరుల హాజరు పడుతదా సార్?" అని వెనక నుంచి ఎవరో అడిగారు. (దీనికి జవాబు ఆ రోజే కాదు, తర్వాత కూడా ఎవరూ చెప్పలేదు.) కానీ అప్పటికే సాంబారు వాసన తన పని తాను చేసుకుపోతోంది. పారలు గట్టుకు ఆనించారు. "సరే గని, కుటుంబాలు ఏవి?" అన్నాడు సారు. కంపెనీ వ్యాను ఇచ్చి, నన్నూ డ్రైవర్ చాచానూ కాలనీకి తరిమాడు. చాచా స్టీరింగు ముందు కూచుంటూ, "ఫికర్ చెయ్యకు బేటా, అరగంటల మొత్తం కాలనీని తెచ్చి కట్ట మీద పోస్త" అన్నాడు.

కాలనీలో వ్యాను ఆగిన క్షణం నేను జీవితంలో మరిచిపోలేను. షిఫ్టు మధ్యలో, పిలవకుండా కంపెనీ బండి క్వార్టర్ల లైన్లలోకి వచ్చిందంటే మా దగ్గర దానికి ఒకటే అర్థం. బండి చప్పుడు విని ఒక్కో తలుపూ తెరుచుకుంది. మా అవ్వ పిండి చేతులతో గడప దాటి వచ్చి, బండిలోంచి దిగుతున్న నన్ను చూసి అక్కడే ఆగిపోయింది.

"మీ బాపుకు ఏమైందిరా?" అంది.

"ఏం కాలేదవ్వా, కట్ట కాడ ఉన్నడు."

"కట్ట కాడనా? నీళ్లల్ల పడ్డడా?"

తొందరలో నేనేం చెప్పానో నాకు గుర్తు లేదు. "అందరు జల్ది రండ్రి, బండెక్కుండ్రి" అని అరిచినట్టున్నాను. అంతే, పక్కింటి అత్త గొల్లున ఏడుపు అందుకుంది. చాచా ఒక్క దూకు దూకి, బండి ముందు నిలబడి, "యా అల్లా! ఏడ్వకుండ్రమ్మా! మీ మొగోళ్లు మంచిగున్నరు! నోట్ల చెంచా, చెంచల నిమ్మకాయ పెట్టుకోని ఉరుకుతున్నరు! నా కండ్లతో చూసిన!" అని కేక పెట్టాడు. ఏడుపు సగంలో ఆగింది. అంత వింత మాట అబద్ధం కావడానికి వీల్లేదని అందరికీ తోచింది. అయినా దారి పొడవునా అవ్వ నమ్మలేదు. పిండి చేతులతోనే నా మణికట్టు పట్టుకుని కూచుంది. ఆ పట్టు చూస్తే నాకు నా మీద నాకే అసహ్యం వేసింది. అమ్మను షికారుకు తీసుకుపోవాలనుకున్న కొడుకు, ముందు ఆమె ప్రాణం తీసినంత పని చేశాడు.

కట్ట మీద బండి ఆగేసరికి నిమ్మకాయ పందెం నడుస్తోంది. మా బాపు నెత్తిన టోపీ, కాళ్లకు బాయి బూట్లు, నోట్లో చెంచాతో, పరుగెత్తకుండా, ఒక్కో అడుగు కొలుచుకుంటూ వస్తున్నాడు. అవ్వ తిన్నగా పోయి ఎదురుగా నిలబడింది. బాపు ఆమెను చూసి నోరు తెరిచాడు. నిమ్మకాయ కింద పడింది. అవ్వ రెండు చేతులతో ఆయన భుజాలు, చేతులు తడిమి, ఎముకలన్నీ ఉన్నాయని తేలాక ఏడ్చింది. ఏడుస్తూనే తిట్టింది. బాపు చొక్కా మీద తెల్లటి పిండి వేళ్ల ముద్రలు పడ్డాయి. అక్కడున్న ప్రతి ఆడమనిషీ తన మనిషిని వెతుక్కునే పనిలోనే ఉంది.

కళ్లు తుడుచుకున్నాక అవ్వ నీళ్ల వైపు చూసింది. తర్వాత బాపు వైపు చూసింది. "నన్ను గింత భయపెట్టినందుకు ఇయ్యాల పడవ ఎక్కాల్సిందే" అంది.

బాపు దిక్కులు చూశాడు. అలవాటుగా, "ఇయ్యాల ప్లేడే..." అన్నాడు. అని, తానెక్కడ నిలబడ్డాడో గుర్తొచ్చి ఆగిపోయాడు. యాభై మంది ఒక్కసారిగా గొల్లున నవ్వారు. ఇక తప్పించుకునే దారి లేదు. పడవ దగ్గరికి నడిచాడు. టోపీ తీయలేదు. ఒడ్డున గొంతుక్కూచుని, చేతికర్రతో పడవ అడుగును కొట్టి చూశాడు. డబ్. ఇంకో చోట కొట్టాడు. డబ్ డబ్. చటుక్కున లేచి, అవ్వ చెయ్యి పట్టుకుని వెనక్కి గుంజాడు.

"గుల్ల మోగుతంది. ఎక్కద్దు. ఇది ఉండది."

పడవ కాక నోరు వెళ్లబెట్టాడు. బాయివాళ్లలో మాత్రం ఒక్కరూ నవ్వలేదు. ఇద్దరు ముగ్గురు ముందుకొచ్చి వాళ్లు కూడా కొట్టి విని, అవును, గుల్లే అని తలలూపారు. అప్పుడు అవ్వ బాపు చేతిలోంచి కర్ర మెల్లగా తీసుకుంది.

"పిల్లల బాపూ, నీ బాయిల గుల్ల మోగితె సస్తరు. నీళ్లల్ల గుల్లగ ఉంటేనే తేలుతది. మోగనియ్యి. గట్టిగుంటె మునుగుతది" అంది.

బాపు ఆ మాటను కూడా లోపల ఎక్కడో కొట్టి చూసుకున్నట్టున్నాడు. అవ్వ చేతిలోంచి కర్ర తిరిగి తీసుకున్నాడు. తర్వాత కర్ర ఒడ్డున పెట్టి, కుడికాలు పడవలో మోపాడు. పడవ ఊగింది. "అమ్మో" అని కళ్లు మూసుకుని, అవ్వ కొంగు పిడికిట్లో బిగించి కూచున్నాడు. తెల్లడబ్బా దాకా పోయి, చుట్టు తిరిగి వచ్చేదాకా బాపు కళ్లు తెరవలేదని పడవ కాక చెప్పాడు. అవ్వ మాత్రం వేరేగా చెప్పేది. నడుమ నీళ్లలోకి పోయాక ఒక్కసారి తెరిచాడట. తను నీళ్లలో చెయ్యి పెట్టింది, పిండి కరిగి తెల్లగా పోతోంది, అది చూస్తూ, "సల్లగున్నయా?" అని అడిగాడట. పెళ్లయ్యాక ఆయన తనను అడిగిన మంచి ప్రశ్న అదేనని అవ్వ అందరికీ చెప్పేది.

సోమవారం నాకు మెమో వస్తుందని వణుకుతూ ఆఫీసుకు పోయాను. సారు నోటీసు తెప్పించి, చట్రం కింద దాక్కున్న వరుసను వేలితో చూపించి, "వచ్చే ఏడు ఇది పైన రాయండి" అన్నాడు. అంతే. అప్పటి నుంచి మా ఇంట్లో ప్లేడే అన్న మాటకు రెండర్థాలు వచ్చాయి. ఏదైనా ఆదివారం పొద్దున అవ్వ ఇంట్లో పని జల్ది ముగించుకుని, ఉత్తిపుణ్యానికి జడలో పూలు పెట్టుకుని, "ఇయ్యాల ప్లేడే ఉన్నదా?" అని అడిగితే, బాపు గోడ వైపు తిరిగి నవ్వుకుంటూ టోపీ వెతుక్కునేవాడు. టోపీ లేకుండా పడవ ఎక్కడం ఆయనకు చివరిదాకా చేతకాలేదు.

గుమాస్తాగా మొదలైన నేను ఇప్పుడు నలుగురి మీద అధికారిని. ఆదివారం కూడా ఇంటికి ఫైళ్లు తెచ్చుకుంటాను. మొన్నొకరోజు మా ఆవిడ గుమ్మంలో నిలబడి, "ఏంది, మీకు గూడ ప్లేడేనా?" అంది. సిగ్గేసి లేచాను. కట్ట మీద పడవ కాక కొడుకు ఉన్నాడు, పడవ కొత్తది. మా ఆవిడ ముందే ఎక్కి కూచుంది. నేను ఒడ్డున వంగి, ఎవరూ చూడకుండా, వేలి ముడులతో పడవను ఒకసారి కొట్టాను. గుల్లగా మోగింది.

"ఏం జేస్తున్నరు అక్కడ?" అంది ఆమె.

"ఏం లేదు" అన్నాను. "మంచిగున్నది. తేలుతది."

ఎక్కి కూచున్నాను. నడుమ నీళ్లలోకి పోయాక ఆమె చెయ్యి నీళ్లలో పెట్టింది. నేను అడగవలసిన ప్రశ్న నాకు తెలుసు.